లాంబర్న్ వారి కిటికీ తెరలు

ఆ ఉదయం గుడ్డు మరీ ఉడికిపోయిందని మిసెస్ లాంబర్న్ సణిగింది. వినిఫ్రెడ్ టీ పోసింది. ఇంకాసేపట్లో వాళ్ళ గుమ్మం ముందు నుంచే రోజమండ్ శవపేటిక వెళ్ళబోతోంది. రోజమండ్ ఆవిడ పెద్దకూతురు, వినిఫ్రెడ్‌కు అక్క. బల్ల దగ్గర ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా ఆల్డర్‌బర్న్ మహా మర్యాదస్తుల ఊరు. ఇక్కడ డబ్బు లేకపోవడం తప్పు కాదు, కొట్టు పెట్టుకోవడం తప్పు. కల్నల్‌గారి చెల్లెళ్ళు మాసికలేసిన చేతితొడుగులతోనే టీకి బయలుదేరతారు గానీ, షాపువాళ్ళు ఎదురైతే తలూపి ఊరుకుంటారు. అలాంటి చోట, కాలం చేసిన డాక్టరు లాంబర్న్‌గారి పెద్దమ్మాయి రోజమండ్ ఇనుప సామాన్ల కొట్టు ఏమస్ గిల్‌ను పెళ్ళి చేసుకుంది. ఊరంతా వచ్చి తల్లిని ఓదార్చిపోయింది. ఆనాటి నుంచి ఆవిడకు ఒక్కతే కూతురు. ఏళ్ళ తరబడి వీధికి ఆ కొట్టున్న వైపున నడవనైనా లేదు. మేకు కావలసినా పక్క ఊరి నుంచి తెప్పించేది.

చావు దగ్గర మా ఊరికో పద్ధతి ఉంది. అయినవాళ్ళు ప్రాణం పోయిన క్షణం నుంచి పూడ్చి వచ్చేదాకా కిటికీ తెరలన్నీ దించే ఉంచుతారు. ఇరుగుపొరుగు మాత్రం పెట్టె కనబడగానే దించి, దాటగానే ఎత్తేస్తారు. రోజమండ్ పోయిన రోజు నుంచీ లాంబర్న్ వారింట్లో ఎండ ధారాళంగా పడుతూనే ఉంది.

వినిఫ్రెడ్‌కు ఏడుపు రాలేదు. జ్వరం వచ్చినప్పుడు నోటికి రుచి తెలియనట్టు, ఆమెకు ఏదీ తెలియడం లేదు. కప్పులు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది.

తల్లి పిలిచి, పెట్టె మలుపు తిరగగానే తెర దించమనీ, దాటగానే ఎత్తమనీ చెప్పింది.

"అందరిలాగానా?" అంది వినిఫ్రెడ్.

"అందరిలాగానే. మర్యాదకు లోటు రానివ్వను."

"పోయింది అక్క, అమ్మా."

"కొట్టువాడి పెళ్ళాం. తనే కోరి వెళ్ళింది."

"నీ మర్యాద నాకిక చాలు. నేను దించితే మళ్ళీ ఎత్తను. ఎత్తాలంటే నువ్వే ఎత్తుకో."

గొంతు పెంచలేదు. కోపంగా అని ఉంటే తల్లి ఏదో ఒకటి అనేదే.

గుర్రాల చప్పుడు వినిపించింది. వినిఫ్రెడ్ తెర దించింది. ఇద్దరూ తెర పక్క సందులోంచి చూశారు. మా ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళు శవం వెంట చర్చి దాకా వెళ్ళరు. బండి వెనక ఏమస్ టోపీ చేతబట్టుకుని నడుస్తున్నాడు. అతని పక్కన నడవడానికి రోజమండ్ తరఫున ఒక్కరూ లేరు.

బండి దాటిపోయింది. వీధిలో ఒక్కొక్క తెరా లేచింది. మిసెస్ లాంబర్న్ చేయి తాడు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఎత్తితే, నా బిడ్డ కాదని తన చేత్తో తానే చెప్పినట్టు. ఎదురింటి మిస్ టాల్బట్ కిటికీలోంచి ఇటే చూస్తోంది. మిసెస్ లాంబర్న్ తాడు వదిలేసింది.

"పై గదుల్లోవి కూడా దించెయ్," అంది.

చర్చి నుంచి జనం తిరిగొచ్చాక ఆవిడ వినిఫ్రెడ్ చేయి పట్టుకుని వీధి దాటింది. కొట్టు వెనక వంటగదిలో ఒంటరిగా కూర్చున్న ఏమస్ కంగారుగా లేచాడు. ఆవిడ పలకరింపు కూడా లేకుండా అడిగేసింది.

"చివర్లో నన్నడిగిందా?"

ఆ పూట అబద్ధమాడినా ఎవరూ తప్పు పట్టరు. ఏమస్‌కు ఆ తోవ తోచలేదు.

"లేదమ్మగారూ. కబురు పెట్టనా అని నేనే అడిగాను. తనంతట తను వస్తే రానీ, పిలిచి రప్పించకు అంది."

మిసెస్ లాంబర్న్ వినిఫ్రెడ్ చేయి వదిలేసింది.

"నేనైనా అంతే అనేదాన్ని," అంది. "నా కూతురు కదూ."

ఏమస్ కుర్చీ జరిపాడు. ఆవిడ కూలబడి, చేతులతో మొహం కప్పుకుని బావురుమంది. ఇన్నేళ్ళ తర్వాత తల్లి నోట ఆ మాట విని, అంతదాకా రాయిలా ఉన్న వినిఫ్రెడ్ కూడా గోడకానుకుని ఏడ్చింది.