ఏడో రోజు బూడిద

మా అయ్యగారు ఫాన్ షౌరెన్ నాన్జింగ్ ప్రభుత్వంలో మంత్రి. మా చైనాని ఆక్రమించిన జపాన్‌వాళ్ళు కుర్చీ వేస్తే కూర్చుని, కాగితం చూపిస్తే సంతకం పెట్టి, దానికి శాంతి అని పేరు పెట్టిన పెద్దమనిషి. నేను ఆయన ఇంట్లో వంటమనిషిని. మూడు నెలలుగా ఛీ అనుకుంటూనే వండి పెడుతున్నాను. జపాన్‌కి వ్యతిరేకంగా గోడల మీద కాగితాలు అంటించాడని మా అబ్బాయి షువాన్‌ని పట్టుకుపోయారు. పట్టుకోవాల్సినవాళ్ళ జాబితా కింద సంతకం ఈయనదే. విడిపించగలిగేదీ ఈయనే.

ఆయన తల్లి పల్లెలో పోయింది. పోయినవాళ్ళు ఏడో రోజున ఇంటికి వస్తారు. వాకిలి నుంచి ఆవిడ పటం దాకా పొయ్యి బూడిద జల్లి, అందరూ తలుపులు మూసుకుని కూర్చోవాలి. పూజారి చెప్పిన ఘడియ దాటాక టపాకాయలు కాల్చాలి. ఆ చప్పుడు వింటేనే వచ్చినవాళ్ళు తిరిగి వెళ్తారు. కాల్చే పని నాకు అప్పగించారు.

"బతికుండగా ఈ గడప తొక్కనని ఒట్టేసింది ముసలమ్మ. చచ్చాక వస్తుందంటావా?" అన్నాడు కాపలా చియావ్ తాత, బూడిద జల్లుతూ.

"నోరు ముయ్యి తాతా. అడుగులు పడితే, తల్లి క్షమించి వచ్చిందని రేపు పత్రికలవాళ్ళు ఫోటో తీస్తారట."

"పడకపోతే నీ కాళ్ళు ఆవిడవాటిలా గుడ్డలతో కట్టేసి నిన్నే నడిపిస్తాడులే, లువాన్ అమ్మా!" తాత నవ్వుకుంటూ గేటు దగ్గరికి పోయాడు.

ఘడియ మధ్యాహ్నం పడింది. బయట ముసురు. అమ్మగారు షాంఘైలో ఉన్నారు. అయ్యగారు ఒక్కరే పటం పక్క గదిలో తలుపేసుకున్నారు. నేను వంటింట్లో ఘడియ లెక్కకి అగరువత్తి వెలిగించి, అది ఆరేదాకా కూర్చున్నాను.

సగం కాలేసరికి వాసన వచ్చింది. అగరు వాసన కాదు. ఏటి ఒడ్డు బురద వాసన. జైలు నుంచి తీసుకెళ్ళి కాల్చేది అక్కడేనని ఊళ్ళో చెప్పుకుంటారు.

తర్వాత అడుగులు... తడి కాళ్ళ చప్పుడు. ఒకరిది కాదు. తోసుకోకుండా, తొందర లేకుండా, వరసగా... చాలామంది.

చప్పుడు ఆగింది. వత్తి ఆరింది. టపాకాయల దండ పట్టుకుని బయటికొచ్చాను.

బూడిద నిండా పాదాలు. చిన్నప్పటి నుంచి గుడ్డలతో బిగించి కట్టిన ముసలమ్మ పాదం నా అరచెయ్యంతే ఉంటుంది. అలాంటిది ఒక్కటీ లేదు. అన్నీ మగవాళ్ళవి. పటాన్ని దాటి అయ్యగారి గది తలుపు దాకా వెళ్ళాయి. వెనక్కి వచ్చినవి లేవు.

వాటిలో ఒక ఎడమ పాదం... రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. మా షువాన్ పసివాడిగా ఉన్నప్పుడు ఆ వేలికి రోజూ నూనె రాసి, దారంతో కట్టి, సరిచెయ్యాలని చూసేదాన్ని. ఆ పాదం పక్కనే కూర్చున్నాను.

"లువాన్ అమ్మా..." తలుపు వెనక నుంచి అయ్యగారి గొంతు. "కాల్చు... త్వరగా..."

"మా షువాన్ ఎక్కడ అయ్యగారూ?"

"జైల్లోనే... క్షేమంగా ఉన్నాడు. వచ్చే వారం వదిలేస్తారు. నిన్ననే మాట్లాడాను... కాల్చవే, నీకు దణ్ణం పెడతాను..."

ఆఖరికి ఇప్పుడు కూడా అబద్ధమే! కాలిస్తే ఆయన బతుకుతాడు, నా బిడ్డ మళ్ళీ వెళ్ళిపోతాడు. దండ తీసుకెళ్ళి నీళ్ళ జాడీలో ముంచేశాను.

లోపల కుర్చీ కదిలింది. ఆయన ఒకసారి "అమ్మా" అన్నారు. తర్వాత ఏమీ లేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కోటు, టై, దువ్విన తల, అన్నీ మామూలే. కాళ్ళకు మాత్రం బూట్లు లేవు. ఈ ఇంట్లో వంటిల్లు ఎటో కూడా తెలియని మనిషి, తిన్నగా వచ్చి పొయ్యి ముందు చిన్న పీట మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆకలేస్తోంది."

అది అయ్యగారి గొంతు కాదు. మా షువాన్‌దీ కాదు. ఎవరి కొడుకుదో.

గంజి పోశాను. తాగి గిన్నె చాపారు. "అమ్మా, నాక్కూడా..." ఈసారి ఇంకో గొంతు, ఇంకా లేతది. మళ్ళీ పోశాను.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళైంది. కుండ అడుగంటుతోంది. మావాడి వంతు ఇంకా రాలేదు.