మొగిలివాగు హాజరు

పొద్దున్నే భూలక్ష్మి శ్రుతికడ్డీని ఇసుకలోకి దించి చెవి ఒగ్గింది. తడి తగిలితే కడ్డీ ఆ నీటికే ఉండే జలముద్రను గుర్తుపట్టి వాగు గొంతుతో మోగాలి. మోగలేదు. పైన రంగుల మిల్లు అడ్డుకట్ట కట్టుకున్నప్పటి నుంచీ ఇదే వరస. మొగిలివాగుకు ప్రతినిధిగా ఊరు తనను ఎన్నుకున్నప్పుడు ఎంత మురిసిపోయిందో! ఇప్పుడు చిన్ననాటి ఆ గలగల ఒక్కసారి వినిపిస్తే చాలునని ప్రాణం కొట్టుకుంటోంది.

కొంగు బిగించుకోవడానికి కడ్డీని పైకి లాగి పళ్ళ మధ్య పట్టుకుంది. అది సన్నగా మూలిగింది. నిన్నా ఇంతే. పాడైపోయింది, మార్పించాలి అనుకుంది.

ఈ కేసులో వాది వాగే. అది కదిలి రాలేదు కనుక న్యాయసభే వాగులోకి వస్తుంది. ఇసుకలో గుడారం వేశారు, కడ్డీని ఇసుకలో గుచ్చి మైకుకు కలిపారు. వాగు హక్కుల చట్టం ప్రకారం ముందుగా వాది పేరు మూడుసార్లు పిలవాలి. జవాబు రాకపోతే వాది చనిపోయినట్టే. మిల్లు మీద కేసు అక్కడితో సరి.

"మొగిలివాగూ! హాజరున్నవా?" జమేదారు ఓదెలు గొంతెత్తాడు. కడ్డీ పలకలేదు.

రెండోసారీ పిలిచి, కడ్డీ మీదికి వంగాడు. "పలుకవే తల్లీ" అని గొణిగాడు. న్యాయాధికారి ఝాన్సీరాణి కళ్ళతోనే మందలించింది. మిల్లు వకీలు విద్యాసాగర్ అప్పుడే కాగితాలు సర్దుకుంటున్నాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడే, ఏం లాభం!

పొద్దున పళ్ళ మధ్య మూలిగిన కడ్డీ పాడవలేదని భూలక్ష్మికి అప్పుడు తట్టింది. మూడో పిలుపు వినపడగానే దాన్ని ఇసుకలోంచి పెరికి పళ్ళతో గట్టిగా కరిచింది.

గుడారమంతా గలగల. రాళ్ళ మీద దూకే ఆ నీళ్ళు తన దవడలోనే పారుతున్నాయి. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"ఆమె వాగు కాదు మేడమ్!" వకీలు లేచాడు.

"ఈ నీళ్ళు తాగే పెరిగిన. నా ఎముకలల్ల ఉన్నది అదే," అంది భూలక్ష్మి. "వాగు యాడ ఉండాల్నో చట్టంల రాసి లేదు గద."

ఝాన్సీరాణి చట్టం తెరిచి తలవంచుకుని చదువుతూ ఉండిపోయింది. ఈలోగా ఓదెలు కడ్డీ అందుకుని, తుడిచి, కరిచాడు. మోగింది. అతని వెనక ఊరు వరస కట్టింది. ఎవరి నోట పెట్టినా అదే వాగు.

చివరికి భూలక్ష్మి కడ్డీని వకీలు ముందు చాచింది. "నువ్వు గూడ ఒక్కపారి పట్టు, సాగరన్నా. మీ అమ్మ గూడ ఈడ్నే బిందె ముంచింది."

అతను పెదవులు బిగించుకున్నాడు.

"వాది హాజరు," అంది ఝాన్సీరాణి.

జనం కేకలు వేశారు. భూలక్ష్మి కడ్డీని మళ్ళీ ఇసుకలోకి దించి చెవి ఒగ్గింది.