డబ్బు పెట్టినవాళ్లకే తెరుచుకునే గేటు

గేటు తెరుచుకోలేదు.

వాయువేగ రైలు కంపెనీ చైర్మన్ జయచంద్ర భూపతి అరచేతిని మళ్లీ అద్దం మీద ఆనించాడు. ఎర్రదీపం. చెయ్యి కోటుకి తుడుచుకుని ఇంకోసారి ఆనించాడు. మళ్లీ ఎర్రదీపమే! గేటు అవతల, కడియం స్టేషన్‌లో, నేలకి జానెడు ఎత్తున గాలిలో తేలుతూ కొత్త రైలు తొలి ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

"డాక్టర్ హైమవతీ, మీ యంత్రం పాడైంది!"

ఆ గేటుని తయారుచేసిన శాస్త్రవేత్త హైమవతి తన టాబ్లెట్ చూసుకుంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "లేదు సార్. అద్భుతంగా పనిచేస్తోంది!"

ఈ గేటు సంగతి కాస్త చెప్పాలి. మామూలు గేటు టికెట్ చూస్తుంది. ఇది చూడదు. అప్పటికి కాగితం నోట్లు పోయాయి. ఉన్నదంతా డిజిటల్ రూపాయే, ప్రతి రూపాయికీ ఓ జాడ ఉంటుంది. ఎవరి చెమటలో పుట్టింది, ఏయే చేతులు మారింది, చివరికి ఎక్కడ తేలింది, అన్నీ. అరచెయ్యి పెట్టగానే గేటు వెతికేది ఒక్కటే: ఈ రైలుని నడిపే డబ్బులో ఈ మనిషి సొంత సంపాదన ఒక్క పైసా అయినా ఉందా? ఉంటే పచ్చదీపం. లేకపోతే, ఎంత గొప్పవాడైనా బయటే!

అలా చెయ్యమన్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ చైర్మన్‌గారే. "ఈ బండికి డబ్బు పెట్టనివాడు ఒక్కడు కూడా ఎక్కకూడదు" అని ఒప్పందంలో రాయించారు. సిబ్బంది తమ చుట్టాలని ఎక్కించేస్తారన్న అనుమానంతో, గేటు నిర్ణయాన్ని ఎవరూ మార్చలేకుండా చెయ్యమని పట్టుబట్టింది కూడా ఆయనే.

"నా రైలుకి నేను డబ్బు పెట్టలేదా?"

"ఎక్కడ పెట్టారు సార్? దారి ప్రభుత్వానిది. పెట్టెలు కొన్నది గ్రాంటుతో. ఖాళీ సీట్లకి పరిహారం ఖజానా నుంచి. లాభమొస్తే మాత్రం మీది."

"నా జీతమో?"

"అదీ సబ్సిడీలోంచే. కంపెనీకీ, మీ జీతానికీ అన్ని పన్నులూ మినహాయింపు. మీ సబ్బుబిళ్ల కూడా కంపెనీ ఖాతాలోనే కొంటారు. గేటు ఎంత వెనక్కి వెళ్లినా మీరెక్కడా దొరకడం లేదు సార్."

గేటు పక్కన పూలబుట్టలతో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఈ రైలుకి దారి ఇవ్వాలని, వాళ్లు రోజూ ఎక్కే పాసింజర్‌ని రద్దు చేసేశారు. ఎండెక్కేలోపు విశాఖ మార్కెట్‌కి చేరకపోతే కనకాంబరాలు వడిలిపోతాయి. వడిలిన పూలని ఎవరు ముట్టుకుంటారు?

"డాక్టరమ్మగారూ," వారిలో వీరవేణి ముందుకొచ్చింది. "ఆయనగారికి తెరుచుకోకపోతే, మేం ఓసారి చెయ్యి పెట్టి చూడొచ్చాండి?"

చైర్మన్ నవ్వాడు. "నువ్వేం పెట్టావమ్మా ఈ రైలుకి?"

"ఆయ్, నాకేం తెలుసండి. దీపమే చెబుతుంది గదండీ."

పసరు మరకల అరచెయ్యి అద్దం మీద పడింది. పచ్చదీపం! గేటు బార్లా తెరుచుకుంది! హైమవతి గంతేసినంత పని చేసింది.

"రైలు సెస్సు! నువ్వు పూలమ్మిన ప్రతిసారీ కొంత ఈ బండికే వచ్చిందమ్మా!"

"అదాండీ! మా డబ్బులు కోసుకుంటా ఉంటే ఎవరికోసమో అనుకున్నాం. పదండే, మన బండే ఇది!"

ఒకరి వెనక ఒకరు, బుట్ట వెనక బుట్ట! ప్రతి అరచేతికీ పచ్చదీపమే. ఏసీ పెట్టెలన్నీ కనకాంబరాలతో నిండిపోయాయి.

"ఆపండి!" చైర్మన్ మైకు అందుకుని డ్రైవర్‌ని హెచ్చరించాడు. "నేనెక్కకుండా బండి కదిలిందో, నీ ఉద్యోగం పోతుంది!"

బండి కదల్లేదు. ఎండ మాత్రం పైకొస్తోంది. వీరవేణి బుట్ట మీద తడిగుడ్డ ఎత్తి చూసుకుంది. అంచు పూలు అప్పుడే మెత్తబడుతున్నాయి.

"ఈయన ఎక్కాలంటే ఏం చెయ్యాలండి?" అంది కంగారుగా.

"సొంతంగా ఏదైనా సంపాదించాలి," అంది హైమవతి.

"ఇప్పటికిప్పుడా?" చైర్మన్ బిక్కమొహం వేశాడు.

వీరవేణి గబగబా వెనక్కొచ్చి ఓ చిన్న బుట్ట, అరటినార ఆయన ముందు పెట్టింది. "పూలు కట్టండి. మూరకి ఇరవై ఇస్తాను. తొందరగా కానివ్వండి, నా సరుకు పోతా ఉంది!"

ఆయన రైలు వంక చూశాడు, గేటు వంక చూశాడు. చివరికి కోటు విప్పి చతికిలబడ్డాడు. మొదటి దండ ఎత్తగానే పూలన్నీ జలజలా రాలాయి.

"నార బోలెడు, పూలు నాలుగు," రైలు తలుపు దగ్గర నుంచి ఎవరో అన్నారు. "అచ్చం ఆయన కంపెనీలాగే ఉందే!"

పళ్లు బిగించి మళ్లీ మొదలెట్టాడు. నార వేళ్లని కోసేస్తోంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. వీరవేణి మోచెయ్యి పెట్టి కొలిచింది. "వంకరగా ఉంది. అయినా సరే." డబ్బు పంపింది.

ఆయన అరచెయ్యి ఆనించాడు. పచ్చదీపం! పెట్టెల్లో ఒకటే చప్పట్లు! ఆయన, వెనకే వీరవేణి, హైమవతి ఎక్కగానే రైలు ఝుమ్మంటూ బయలుదేరింది. చైర్మన్ గర్వంగా ఫోన్ తీసి చూసుకుని, అదిరిపడ్డాడు.

"ఏయ్, ఇరవై అన్నావు! పద్దెనిమిదే పడ్డాయి. మిగతా రెండూ ఎవడు కాజేశాడు?"

"రైలు సెస్సు సార్," అంది హైమవతి.

చైర్మన్ మెడనరాలు ఉబ్బాయి. "నా కష్టార్జితం అది! ఈ వేళ్లు చూడండి ఎలా కోసుకుపోయాయో! నా డబ్బు తీసుకెళ్లి ఎవడో ప్రైవేటు కంపెనీవాడికి ఎందుకు ధారపొయ్యాలి?"

వీరవేణి బుట్ట ఒళ్లోకి తీసుకుని, పక్కకి జరిగి చోటిచ్చింది.

"మేమూ అదే అంటున్నామండి. రండి, ఇలా కూర్చోండి."