యమున బుగ్గల ఎరుపు

2010 మార్చి. సాయంత్రం నాలుగింటికి యమున మంచిర్యాల బస్సు దిగి గోదావరిఖని బస్టాండులో ఆటో కోసం నిలబడింది. ఫస్ట్ షిఫ్టు ముగించి వస్తున్న కిషన్ ఆమెను చూడటం అది మూడోసారి. మూడుసార్లూ ఆమె బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా కొత్తగా చేరిన ఆ కుర్రాడికి, ఆ ఎరుపు తన కోసమే అనిపించింది.

"గంత సిగ్గయితే ఎట్ల మేడం? నేనింక పేరు గూడ అడగలే."

యమున అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "సిగ్గు కాదు, బీమారి. నీ మొఖం మీది బొగ్గు సబ్బు పెడితె పోతది. నాది పోదు."

ఆటో వచ్చింది. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు కిషన్ తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి "తప్పయింది" అన్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది. నాలుగో రోజు మాత్రం పేరు చెప్పింది.

యమున మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. బుగ్గలు, ముక్కు ఎర్రబడి మండటం మొదలై నాలుగేళ్లయింది.

"అమ్మ గంధం పూసింది, కలబంద పూసింది. బసంత్‌నగర్‌ల హోమియో గోలీలు మింగిన. ఒక డాక్టరు మొటిమలని మందిస్తె తోలు ఊడింది. ఇప్పుడు పిల్లలు టమాట టీచర్ అంటున్నరు."

"నేను అననులే."

"నువ్వు మొదటిరోజే అన్నవ్ గద, వేరే మాటల."

కారం, ఎండ, వేడి చాయ్ ఆమెకు పడవని తెలిసింది. ఆమె కప్పు చల్లారేదాకా తనదీ ముట్టుకునేవాడు కాదు కిషన్. ఎండలో గొడుగు పట్టేవాడు. వాన వస్తే మాత్రం ఆమే ఆ గొడుగు మడిచేసేది. చినుకులు పడితే ముఖం మంట తగ్గుతుందని, తల పైకెత్తి కళ్లు మూసుకునేది. ఆ క్షణంలో అతనికి ఏదో చెప్పాలనిపించేది. "తడుస్తున్నవ్" అని మాత్రం అనేవాడు.

దసరా తర్వాత కిషన్ తల్లి సారక్క పిల్లను చూడటానికి వస్తానంది. కిషన్ ఒక ట్యూబు తెచ్చాడు.

"దోస్తు చెల్లె వాడిందట. పది రోజులల్ల ఎరుపు పోయిందట. అమ్మ వచ్చేదాక రాసుకో."

"మీ అమ్మకు నా సంగతి చెప్పినవా?"

"చూసినంక చెప్త."

యమున రాసుకుంది. పది రోజుల్లో ముఖం తేటపడింది.

"ఎంత మంచిగున్నవో," అన్నాడు కిషన్. ఆమె నవ్వలేదు.

ట్యూబు అయిపోయిన మూడో రోజు బుగ్గలు వాచి, నిండా పొక్కులొచ్చాయి. కళ్లు కూడా ఎర్రబడ్డాయి. మర్నాడే పెళ్లిచూపులు.

"జరమొచ్చిందని చెప్త. వచ్చే నెల పెట్టుకుందం," అన్నాడు కిషన్ కంగారుగా.

"జరం కాదు గద." యమున గొంతు మెల్లగానే ఉంది. "ఇంక రాకు, కిషన్."

నెల తర్వాత సారక్క అడిగింది, "ఆ పిల్లకు జరం తగ్గిందారా?"

అప్పుడు నిజం చెప్పాడు. సారక్క బియ్యం చెరగడం ఆపింది. "గింతేనా? మీ నాయిన బాయిల కాలిరగ్గొట్టుకొని కుంటుకుంట వస్తె నేను ఇడిచిపెట్టిన్నా? పోయి అడుగు."

వెళ్లాడు. యమున కరీంనగర్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయిందని ఆమె తల్లి పూలమ్మ చెప్పింది. "నీకు ఫోన్ నంబరు ఇయ్యద్దన్నది బిడ్డా."

సిగ్గుతో అతను మళ్లీ అడగలేదు.

2014 జులైలో, కొత్త రాష్ట్రం వచ్చిన నెలకు, మంచిర్యాల స్టేషన్లో యమున కనిపించింది. మెడలో నల్లపూసలు. బుగ్గల మీద లేత ఎరుపు అలాగే ఉంది.

"మంచిగున్నవా?"

"ఉన్న. కరీంనగర్ డాక్టరు దీని పేరు రోజేషియా అని చెప్పిండు. పూర్తిగ పోదట, అదుపుల పెట్టుకోవాలె. జెల్ రాస్త, ఎండకు పోను. ఆ ట్యూబుల స్టిరాయిడ్ ఉండెనట, ఆపంగనే తిరగబడ్డది."

"ఆ ట్యూబు నేను తేకుంటె బాగుండు."

"ట్యూబుది కాదు బాధ. అది రాసుకున్నంకనే మంచిగున్నవన్నవ్. అంతకుముందు ఎన్నడన్న అన్నవా?"

"అనుకున్న యమునా. రోజు అనుకున్న."

"అనుకున్నది నాకెట్ల తెలుస్తది, కిషన్?"

రైలు వచ్చింది. నీళ్ల సీసాతో వచ్చిన భర్త చేయందిస్తే ఆమె ఎక్కింది. పెట్టెలన్నీ దాటిపోయాక కూడా కిషన్ అక్కడే నిలబడి ఉన్నాడు.