విషయం దొరకలేదు

సాయంత్రం ఆరు గంటల నుంచి ఆరూ యాభై వరకు ఎవరింటికీ వెళ్లి సలహా అడగకూడదన్న మర్యాద 2076 నాటికి కర్నూలులో స్థిరపడిపోయింది. అడిగినా ప్రయోజనం ఉండేది కాదు. ఆ యాభై నిమిషాలూ పదో అంతస్తులోని గుండె వైద్యుడికి గుండెలో ఎన్ని గదులుంటాయో తెలియదు. తుంగభద్ర మీద వంతెనలు కట్టే ఇంజనీరు, చంద్రుడు ఎందుకు తరిగిపోతాడో అర్థం కాక, చేతిలో బత్తాయి పట్టుకుని ఎనిమిదేళ్ల కూతురి ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల టార్చిలైటు వేసి, బత్తాయిని కొంచెం పక్కకు జరిపి, "ఇప్పుడన్నా తెలిసిందా నాయనా?" అని ఓపికగా అడుగుతుంది. ఆరూ యాభై దాటాక వైద్యుడు మళ్లీ వైద్యుడవుతాడు, ఇంజనీరు మళ్లీ ఇంజనీరవుతాడు, బత్తాయి ఒలుచుకుని తింటారు.

జనం దీనికి మరుపు గంట అని పేరు పెట్టారు. యాభై నిమిషాలను గంట అనడం డాక్టర్ ఇందుమతికి నచ్చలేదు. అయినా మాట నిలిచిపోయింది.

మరుపు పట్టీని తయారు చేసింది ఆమే. నలభై నాలుగేళ్ల నాడీ శాస్త్రవేత్త. ఊరి చివర రాతిగుట్టల నడుమ ఉన్న పరిశోధనాలయంలో ఆమె బృందం అంతకుముందు రెండేళ్ల పాటు ఆరు వందల ఇళ్లలో, ఇంటివారి అనుమతితోనే, పిల్లల చదువు వేళను చిత్రీకరించింది. సాయం చేయడం అన్న పేరుతో పెద్దలు చేస్తున్నదేమిటో అందులో దాచడానికి వీల్లేకుండా కనిపించింది. పిల్ల లెక్క చదివాక పెద్దవాళ్లు నోరు మూసుకుని ఉండగలిగిన సమయం సగటున ఒకటిన్నర సెకను. పది నిమిషాలు తిరిగేసరికి పెన్సిల్ పెద్దవాళ్ల చేతిలో ఉండేది. ఆ తర్వాత పిల్లకు మిగిలే పని చూడటం ఒక్కటే. కాసేపు ఆగండి, వినండి, పిల్ల చేత చెప్పించుకోండి అని వాళ్లకు కరపత్రాలు ఇచ్చారు, తరగతులు పెట్టారు. అందరూ శ్రద్ధగా విన్నారు. కొందరు రాసుకున్నారు కూడా. ఇంటికి వెళ్లి మళ్లీ పెన్సిల్ లాక్కున్నారు. తెలిసినవాళ్ల నోటిని బోధనతో ఆపడం అసాధ్యమని తేలాక, తెలిసినదాన్నే కాసేపు ఆపి చూడాలని ఇందుమతి నిశ్చయించుకుంది.

పట్టీ రెండు వేళ్ల వెడల్పున్న బట్ట. నుదుటికి కట్టుకుని ఆ రోజు పాఠం పేరు చెబితే చెవిలో ఏడు చిన్న ప్రశ్నలు అడుగుతుంది. అవి ఎలా చేయాలో అడిగే ప్రశ్నలు కావు, ఎందుకలా అవుతుందో అడిగేవి. జవాబు కోసం వెతికేటప్పుడు మెదడులో ఏ న్యూరాన్ల అల్లిక మేలుకుంటుందో పట్టీ గుర్తుపడుతుంది. చెవికి వినబడని శ్రవ్యాతీత తరంగాలతో, అంటే అల్ట్రాసౌండ్‌తో, ఆ అల్లికను యాభై నిమిషాలు నిద్రపుచ్చుతుంది. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఇక ఆ గదిలో ఉండేది నిజంగా తెలియని ఒక పెద్ద మనిషి, ఎంతో కొంత తెలిసిన ఒక పిల్ల. పిల్ల నేర్పక తప్పదు. నేర్పాలంటే తనకు అర్థం చేసుకోక తప్పదు.

నలభై వేల ఇళ్లకు పట్టీలు వెళ్లాయి. వాటిలో పదమూడు వేల ఇళ్ల నుంచి ఒకే ఫిర్యాదు వచ్చింది. కొన్ని పాఠాల పేర్లు చెప్పగానే ఆకుపచ్చ దీపానికి బదులు పసుపు దీపం వెలిగి, 'విషయం దొరకలేదు' అని చెప్పి పట్టీ ఊరుకుంటోంది. మా ఇంట్లో ఇద్దరు పట్టభద్రులున్నారు, మాకు విషయం దొరకకపోవడమేమిటి, మీ వస్తువు నాసిరకం అని ఒకాయన నాలుగు పేజీలు రాశాడు.

ఆ పదమూడు వేల ఇళ్లలో ఇందుమతి ఇల్లు ఒకటి.

ఆమె కూతురు మంజరికి పదేళ్లు. నదులు, జీర్ణకోశం, సమాసాలు ఈ పట్టీ పుణ్యమా అని తల్లికి బ్రహ్మాండంగా నేర్పింది. భిన్నాల భాగహారం వచ్చింది, పసుపు దీపం వెలిగింది. పట్టీ చెడిపోయిందనుకుని ఇందుమతి దాన్ని విప్పి పక్కన పడేసి పాత పద్ధతిలో కూర్చుంది. మూడు వారాలు కూర్చుంది. ఆ మూడు వారాల్లో మంజరి మొదట సమాధానాలు తప్పు చెప్పింది, తర్వాత చెప్పడం మానేసింది. పరీక్షలో కాగితం దాదాపు తెల్లగానే ఇచ్చి వచ్చింది.

బుధవారం సాయంత్రం ఇందుమతి భర్త రాఘవేంద్ర భోజనాల బల్ల మీద ఫోను పెట్టాడు. అతను సౌరవిద్యుత్ క్షేత్రంలో ఇంజనీరు.

"నంద్యాల రెసిడెన్షియల్ బళ్లో సీటొచ్చింది ఇందూ. శనివారం మధ్యాన్నం లోపల ఒప్పుకుంటాండామని రాయాల. లేకుంటే ఇంకొకరికి ఇస్తారంట."

"పదేండ్ల పిల్లను హాస్టల్లో ఎట్ల వేస్తామండీ?"

"ఇంట్లో పెట్టుకుని నువ్వు చేసిందేముంది? ఊరందరి నెత్తికీ పట్టీలు కట్టినావు. మన పాపకు ఇరవై ఐదుకు రెండు. ఆ రెండూ పేరు సక్కగా రాసినందుకు ఇచ్చింటారు."

మంజరి చిక్కుడు గింజల్ని పళ్లెం అంచుకు వరసగా పేర్చుతోంది. "తేదీకి ఒకటి, పేరుకొకటి నాయనా" అంది తలెత్తకుండా. తాను మందబుద్ధినని, అమ్మ పట్టీ కూడా తనను బాగుచేయలేకపోయిందని ఆ పిల్ల తీర్మానించుకున్నట్టు ఆ కంఠంలో వినిపించింది.

గురువారం ఉదయం ఇందుమతి పరిశోధనాలయానికి వెళ్లేసరికి గౌసియా బల్ల నిండా విప్పిన పట్టీలు పరిచి కూర్చుని ఉంది. గౌసియా సంకేతాల విశ్లేషణలో ఇందుమతికి కుడిభుజం, ముఖస్తుతి అసలు రాని మనిషి.

"ముప్పై ఒక్క పట్టీలు చూసినా మేడమ్. ఒక్కదాంట్లోనూ లోపం లేదు."

"మరి పసుపు దీపం ఎందుకొస్తాంది?"

"నిద్రపుచ్చడానికి లోపల ఏమీ దొరక్క."

ఇందుమతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంట్లో నాకు వచ్చింది కూడా అదే. నాకు భిన్నాల భాగహారం రాదంటావా?"

"రాదని ఎట్లంటా? మీ చేతికి వచ్చు. మీకు రాదు."

"గౌసియా."

"సరే, నన్ను ఐదో తరగతి పిల్ల అనుకోండి. భిన్నాన్ని భిన్నంతో ఎట్ల భాగించాల?"

"రెండోదాన్ని తిరగేసి గుణించాలి."

"ఎందుకు తిరగేయాల?"

"అది నియమం."

"ఎవరు పెట్టినారు?"

ముప్పై నాలుగేళ్లుగా ఇందుమతి భిన్నాలను తిరగేస్తూనే ఉంది. పరిశోధన పత్రాల్లో తిరగేసింది, పట్టీలోని తరంగాల తీవ్రత లెక్కగట్టడానికి తిరగేసింది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. చిన్నప్పుడు అడిగితే వీపు మీద పడుతుంది. పెద్దయ్యాక అడిగితే పరువు పోతుంది. అలవాటు మెదడులో ఒక చోట ఉంటుంది, అర్థం మరొక చోట ఉంటుంది, పట్టీ వెతికేది అర్థాన్నేనని ప్రపంచానికి ఉపన్యాసాలిచ్చిన మనిషి తన మెదడులో ఆ రెండో చోటు ఖాళీగా ఉందని తెలుసుకుని, గాజు గోడలోంచి కనిపించే రాతిగుట్టల వైపు కుర్చీ తిప్పుకుంది.

"ఇంకొకటుంది. కోప్పడకుండా చూడండి" అంటూ గౌసియా ఒక పటం తెరిచింది. "మొదటి పదిహేను రోజులు పట్టీలు ఎవరినీ నిద్రపుచ్చలేదు కదా. ఊరికే రాసుకున్నాయి. పసుపు వెలిగినాక పక్కన పడేసినవి కూడా రాసుకుంటానే ఉన్నాయి. మాటలు కాదు, గొంతు ఎంత పైకి లేస్తాందో అంతే. తర్వాత ఆకుపచ్చ వచ్చిన పాఠాలు ఇటుపక్క పెట్టినా. పసుపు వచ్చినవి అటుపక్క."

ఆకుపచ్చ వైపు గీత ఇంచుమించు చదునుగా ఉంది. తెలిసిన పాఠాల దగ్గర పెద్దవాళ్లు తొందరపడ్డారు, పెన్సిల్ లాక్కున్నారు, కానీ అరవలేదు. పసుపు వైపు గీత నిట్టనిలువుగా లేచింది. అదే తల్లి, అదే తండ్రి, అదే పిల్ల. 'ఇంత సులువైంది కూడా తెలియదా' అని అరిచిన చోటల్లా, అరిచినవాళ్లకే అది తెలియదు.

"నా ఇంటి గీత ఏది?" అని అడిగింది ఇందుమతి.

గౌసియా వేలు పెట్టి చూపించింది. దాన్ని వెతకాల్సిన అవసరం రాలేదు. అన్నిటికంటే ఎత్తులో ఉంది.

సిగ్గు పడాల్సిన ఆ క్షణంలో ఇందుమతికి కలిగింది సిగ్గు కాదు. మూడు వారాలుగా గుండెల మీద కూర్చున్న బరువేదో దిగిపోయింది. తన కూతురి బుద్ధిలో లోపం లేదు. లోపం ఎక్కడుందో ఇప్పుడు తెలుసు, దాన్ని సరిచేయడానికి తానే చాలు.

"పసుపు దీపం తీసేసి అన్నిటికీ ఆకుపచ్చే వెలిగేట్టు మార్చమంటాంది పట్టీలు పంచే కమిటీ" అంది గౌసియా. "మనుషులు మర్చిపోవడానికి ఒప్పుకుంటారు గానీ, ఎప్పుడూ తెలీదంటే ఒప్పుకోరంట."

"మార్చను. పసుపు దీపానికి అర్థమేమిటో ప్రతి ఇంటికీ ఒక వాక్యంలో రాసి పంపు. నా ఇల్లు కూడా ఉందని రాయి."

"సగం పట్టీలు వాపసొస్తాయి మేడమ్."

"రానీ."

శుక్రవారం ఆరు గంటలకు ఆమె చెప్పిందంతా విని రాఘవేంద్ర హాయిగా నవ్వాడు. "నీకు రాకపోతే ఊరంతా రానట్లేనా? పొద్దుగూకులూ నేను చేసేది భాగహారమే. ఇటియ్యి" అని పట్టీ నుదుటికి కట్టుకున్నాడు. పాఠం పేరు చెప్పాడు. ఏడు ప్రశ్నలు విన్నాడు. మొదటిదానికి నవ్వాడు, మూడోదానికి మీసం దువ్వుకున్నాడు, ఐదోదానికి కిటికీ వైపు తిరిగాడు.

పసుపు దీపం వెలిగింది.

మంజరి దగ్గరికొచ్చి తండ్రి నుదుటి వైపు వంగి చూసింది. "నాయనా, నీకు కూడా తెలీదా?"

అతను పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. "తెలీదంట పాపా" అన్నాడు. "మీ బళ్లో ఏం చెప్పినారు?"

"మా టీచర్ ఇంకా తిరగేయలేదు. ముక్కలు లెక్కబెట్టమంటాది. అమ్మేమో తిరగేయమంటాది. రెండూ ఒకటేనో కాదో నాకు తెలీలే. ఏది రాసినా తప్పేమో అని రాయకుండా వచ్చినా."

ఇందుమతి ఆ మాట మూడు వారాల ముందే విని ఉండేది, ఒకటిన్నర సెకను కంటే ఎక్కువ ఆగి ఉంటే. "నాకు ముక్కలతో చెప్పు" అంది.

"నిజంగా రాదా, నాటకమా?"

"నిజంగానే రాదు."

మంజరి వంటగదిలోంచి జొన్నరొట్టెలు తెచ్చింది. "మూడు రొట్టెలు. మనిషికి సగం. ఎంతమందికి వస్తాది?"

"ఆరుగురికి" అన్నాడు రాఘవేంద్ర.

"తిరగేసినావా, లెక్కబెట్టినావా?"

"లెక్కబెట్టినాలే తల్లీ, అట్ల చూడాకు."

"సరే. ఇప్పుడు ముప్పావు రొట్టె. ఒక్కొక్కరికి అరపావు. ఎంతమందికి?" అని ఒక రొట్టెలో పావు తుంచి పక్కన పెట్టి, మిగిలినదాన్ని తల్లి వైపు జరిపింది.

ఇందుమతి తుంచడం మొదలుపెట్టింది. జొన్నరొట్టె సమానంగా తెగదు. ఒక ముక్క పెద్దదైంది, మంజరి దాన్ని సరిచేసింది. తల్లి చేయి అలవాటుగా ముందుకు వచ్చి ఆగింది.

"ఆరు" అంది ఇందుమతి. "అయితే తిరగేయడం ఎందుకు?"

"అది నాకూ తెలీదు అమ్మా."

ముగ్గురూ ముక్కల వైపు చూశారు. ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఎవరూ ఎవరి మీదా గెలవాల్సిన పని లేదు.

"రొట్టె పూర్తిగా ఉంటే అరపావులు ఎన్ని?" అన్నాడు రాఘవేంద్ర, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఎనిమిది" అంది మంజరి.

"మనకాడ ఉండేది ముప్పావే కదా. అంటే ఎనిమిదిలో ముప్పావు వంతు."

"ఆరు" అంది ఇందుమతి, చాలా నెమ్మదిగా.

మంజరి పుస్తకం లాక్కుని రాసుకుంది, చూసుకుంది, కుర్చీలో మోకాళ్ల మీద లేచింది. "ఒక రొట్టెలో ఎన్ని ముక్కలో ముందు చూస్తాం. అందుకే అరపావును ఒకటి బై ఎనిమిది అని రాస్తే, కిందుండే ఎనిమిది పైకొస్తాది. తిరగేయడమంటే అదే అమ్మా. నువ్వు చెప్పిందీ మా టీచర్ చెప్పిందీ ఒకటే." తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, గొంతు తగ్గించి అడిగింది. "మరి నీకే తెలీనప్పుడు నన్నెందుకట్ల తిట్టినావు?"

"నాకు తెలియదని నీకు తెలిసిపోతుందేమోనని."

"అది నీకప్పుడు తెలుసా?"

"తెలియదు. నిన్ననే తెలిసింది."

మంజరి ఆలోచించింది. ఒక అరపావు ముక్క నోట్లో వేసుకుని, రెండోది తల్లికి ఇచ్చింది.

వారం లోపల పదకొండు వేల పట్టీలు వాపసు వస్తాయని, వాటిలో దాదాపు అన్నిటిమీదా 'పనిచేయడం లేదు' అనే కారణం రాసి ఉంటుందని ఇందుమతికి అప్పటికి తెలియదు. తెలిసినా ఆ రాత్రి ఆమె నిద్రకు భంగం కలిగేది కాదు. పసుపు దీపం వెలిగిన ఇళ్లలో మిగిలిన రెండు వేలు చాలునని ఆమె తర్వాత కమిటీకి రాసింది.

శనివారం పదకొండు గంటలకు రాఘవేంద్ర నంద్యాల బడికి జవాబు రాయడానికి కూర్చున్నాడు. సీటు వద్దనుకునేవాళ్లు కారణం చెప్పాలట. ఇచ్చిన జాబితాలో దూరం, అనారోగ్యం, వేరే బడిలో చేరిక ఉన్నాయి. ఏదీ సరిపోలేదు. చివర ఉన్న 'ఇతర కారణాలు' గడిలో చాలాసేపు తడుముకుని ఒక వాక్యం రాశాడు. 'విద్యార్థిని తల్లిదండ్రుల చదువు ఇంకా పూర్తి కాలేదు.'

భుజం మీదుగా చదివిన మంజరి తల అడ్డంగా ఊపింది.

"పూర్తి సంగతి తర్వాత నాయనా. నిన్ననే మొదలైందని రాయి."

అతను దిద్ది పంపించాడు.