మెడ ఊపిన ప్లీసియోసార్

"నూకరత్నం, ఇలా రా. మెడ ఊపుతోంది చూడు."

డాక్టర్ హైమవతి పిలిచేసరికి రత్నం చేతులకంటిన రాతిపొడి దులుపుకుంటూ వచ్చింది. విశాఖ తీరంలోని ఆ ప్రయోగశాలలో, పెద్ద గాజు తొట్టిలో, వెలుగుతో చేసిన జంతువొకటి వెన్నెల ముద్దలా ఈదుతోంది. పొడవాటి మెడ, తెడ్లలాంటి నాలుగు రెక్కలు, పొట్టి తోక. ప్లీసియోసార్. దాన్ని డైనోసార్ అనుకునేరు, కాదు. ఎన్నడో అంతరించిన సముద్రపు సరీసృపం, దాని కుటుంబమే వేరు.

ఇక యంత్రం సంగతి. పేరు ప్రాణరేఖ. కండరం పట్టుకున్నచోట ఎముక మీద గీత మిగులుతుంది. యంత్రం ఆ గీతలు చదివి, ఎక్కడి కండ అక్కడ వెలుగుతో అతికించి, జంతువు బతికుండగా ఎలా ఈదేదో చూపిస్తుంది. ఎముకలు రాతిలోంచి తీసి వరసగా పేర్చేది రత్నం. నిన్నమొన్నటిదాకా హార్బరులో చేపలు కోసిన పిల్ల. యంత్రం నడిపేది సుధీంద్ర, అదుగో తొట్టి పక్కన మీటల దగ్గర కూర్చున్నవాడు. అస్థిపంజరం పూర్తవగానే హైదరాబాదు వెళ్ళిపోతాడు.

తొట్టిలో జంతువు మెడ కుక్కతోకలా అటూ ఇటూ ఊగుతోంది.

"మెడ ఎముకల లెక్క చూసే వీటిని జాతులుగా విడగొడతాం," అంది హైమవతి. "దీనికి లెక్కకి ఐదు ఎక్కువున్నాయి. ఇది కొత్త జాతి. మధ్యాహ్నం పత్రికలవాళ్ళకి చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళ కల రత్నం, ఇది."

తప్పుగా పేర్చితే యంత్రం పట్టుకుంటుందని, మళ్ళీ పేర్చేదాకా సుధీంద్ర ఇంకో రోజు ఉంటాడని రత్నమే రోజుకొక ఎముక మార్చింది. యంత్రమేమో ఆ తప్పుకే ప్రాణం పోసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే మేడమ్ నలుగురిలో నవ్వులపాలు. నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది.

"అవి మెడవి కావు మేడమ్. ఐదు తోకెముకలు నానే అక్కడెట్టీసినాను."

"పొరపాటునా?"

"సేపలు కోసిన సెయ్యి మేడమ్ ఇది. తోకెముకకి కింద రెండు గుంటలుంటాయి. కళ్ళు మూసుకున్నా తెలిసిపోద్ది. కావాలనే ఎట్టినాను."

హైమవతి కుర్చీలో కూలబడింది. తొట్టిలో ఆ ఊపు చూస్తూ చూస్తూ ఇక నవ్వాపుకోలేకపోయింది.

"ముప్పై ఏళ్ళు చదివి తోకకి కొత్త పేరు పెట్టబోయాను. ఏమయ్యా సుధీంద్రా, నీ యంత్రానికి ఇది తెలియలేదా?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు.

"తెలిసింది మేడమ్. ఐదుసార్లు ఎర్రలైటు వెలిగింది. ఐదుసార్లూ నేనే ఆర్పేశాను. తప్పు అలాగే ఉంటే ఎప్పటికైనా మీరే చూసి మళ్ళీ పేర్చమంటారనుకున్నాను. నాకు హైదరాబాదు వెళ్ళాలని లేదు. రత్నం ఉన్నచోటే ఉండాలనుంది."