బ్రేకు మీద కాలు

“రాజాబాబూ! ఒరే రాజాబాబూ! చెవులేటి, పెళ్ళికి ముందే అద్దెకిచ్చేసేవా?”

పవర్ హౌస్ బజారు వెనక, చెడిపోయిన బళ్ళని లాక్కొచ్చే షెడ్డు గణపతిరావు గారిది. ఆయన కేకేస్తే సగం బజారు తిరిగి చూస్తుంది. రాజాబాబు మాత్రం వినలేదు. జీపు బోనెట్ మీద పెళ్ళికార్డులు పరిచి, ఒక్కోదానికీ నాలుగు మూలలా పసుపు పెడుతున్న హేమశ్రీ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయేడు. ఇంకా తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఆ వేళ్ళు తనవే అనుకుంటుంటే డిసెంబరు చలి కూడా చలిలా అనిపించలేదు అతనికి.

“హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల దగ్గర కారొకటి ఆగిపోయిందట. డ్రైవరు తాళం ముందు టైరు మీద పెట్టి ఆటో ఎక్కి ఎల్లిపోయేడు. చీకటి పడకముందే లాక్కొచ్చీ.”

“వెనక బండిలో స్టీరింగు పట్టుకోడానికి మనిషేడి బాబాయ్?”

గణపతిరావు గారు తాడు చుట్ట తీసి జీపులో పడేసేరు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఆంజి. ఆగస్టులో పోయేడు. హేమశ్రీకి అన్న, రాజాబాబుకి ప్రాణ స్నేహితుడు.

“నేను కూర్చుంటాను,” అంది హేమశ్రీ. “స్టీరింగు పట్టడం అన్నయ్యే నేర్పేడు. ఎలాగూ మొదటి కార్డు, అన్నయ్య పోయిన ఆ వంతెన మీద, అన్నయ్యకే పెట్టాలి.”

“వద్దు హేమా.”

“అరే, భయమేటి? ఎనిమిదో క్లాసు దాకా నిన్ను భయ్యా అన్నాను. ఇప్పుడు బావా అనమంటే నవ్వొస్తంది. కాస్త ధైర్యంగా కనబడితే సులువుగా అంటాను గదా!”

గణపతిరావు గారు కూడా నవ్వేసేరు. రాజాబాబు ఇంకేం చెప్పగలడు?

వంతెన మాటెత్తితేనే రాజాబాబు మాట మార్చేస్తాడు. దానికి కారణం ఉంది.

జూన్‌లో జీపుకి కొత్త టైర్లు ఎంచే పని గణపతిరావు గారు అతనికే వదిలేసేరు. టైర్ల కొట్టు శ్యామసుందర్ భయ్యా నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. బళ్ళు లాగే జీపుకి పది ప్లైల, అంటే పది పొరల, లోడు టైరే వెయ్యాలన్నాడు. పక్కలు గట్టిగా ఉంటాయి, తడి తారుని పట్టుకుంటుంది, చూడ్డానికి చప్పగా ఉన్నా ఏళ్ళ తరబడి తిరిగి చూసుకోనక్కర్లేదు. ఈ పెద్ద పెద్ద గడ్డల బటన్ టైర్లు బురదలో దిగే బళ్ళకి, వాన రోడ్డు మీద జారతాయి అన్నాడు. పక్కనే ఉన్న ఆంజి కూడా అన్నాడు, “ఒరే, మనం బళ్ళు లాగేవోళ్ళం, ఊరేగేవోళ్ళం కాదు.” రాజాబాబు వింటేనా! తెల్లక్షరాల బటన్ల టైర్లే బిగించుకొచ్చేడు. తారు మీద అవి తుమ్మెదల గుంపులా ఝూమ్మని హోరెత్తేవి.

ఆగస్టు వానలో, వంతెన దిగుడులో, అవే జారేయి. జీపు అడ్డం తిరిగి, తాడు చివర ఆంజి కూర్చున్న కారుని ఈడ్చుకుపోయి, ఎదురుగా ఇనప చుట్టలేసుకొస్తున్న ట్రైలరు కిందకి విసిరేసింది. అడిగినవాళ్ళందరికీ రాజాబాబు చెప్పింది ఒకటే. “ఆంజి తాగున్నాడు. బ్రేకు తొక్కలేదు.” వారం తిరక్కుండా ఆ టైర్లు తీయించి పది ప్లైలవే వేయించేసేడు. ఆంజి తల్లి రమణమ్మ ఆవేళ్టినించీ గుమ్మం దాటలేదు. కొడుకు పోయేడని ఏడిస్తే ఊరు ఓదారుస్తుంది. తాగి పోయేడంటే, ఓదార్పులో కూడా ఓ ముల్లుంటుంది.

చెబితే హేమ ఉండదు. చెప్పకపోతే హేమ ఉంటుంది, నిద్ర ఉండదు. నాలుగు నెలలుగా నిద్రనే వదులుకున్నాడు.

హథ్‌ఖోజ్ చేరేసరికి ముసురు పట్టింది. కారు బోనెట్ సగం తెరిచి ఉంది. లోపల బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. డ్రైవరు ఇలా వెళ్ళగానే ఎవడో అలా విప్పుకుపోయినట్టున్నాడు. రాజాబాబు బోనెట్ మూసి తాడు కట్టేడు.

“చూడు, లైట్లు లేవు, హారన్ లేదు. ఏదన్నా అయితే చెయ్యి బైట పెట్టి ఊపు. ఇంజను ఆడదు గనక బ్రేకు రాయిలా ఉంటది. గట్టిగా తొక్కాలి.”

“తెలుసు. అన్నయ్య చెప్పేడు.”

ఎప్పుడు చెప్పేడో రాజాబాబు అడగలేదు.

బయల్దేరేరు. ఆరు కాకుండానే చీకటి దిగింది. ఉక్కు ప్లాంటు వైపు నిప్పులాంటి స్లాగు చిట్టెం పోస్తున్నారు కాబోలు, మబ్బు కడుపు ఎర్రగా వెలిగి, నెమ్మదిగా బొగ్గులా ఆరింది. రేకుల షెడ్లు, తడిసిన గోడలు, ఒక టీ కొట్టు వెనక్కి పోయేయి. వైపరు గీరుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

తర్వాత... ఆ వైపరు చప్పుడు కింద ఇంకో చప్పుడు.

ఝూమ్మని.

రాజాబాబు కిటికీ దించేడు. పది ప్లైల టైర్లు అలా అరవవు. ఎదురు బండేమో అనుకున్నాడు. ఎదురుగా ఏ బండీ లేదు. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది... ఇంత చలిలో, ఇంత తడిలో.

వంతెన ఎక్కేరు. పైకి చేరేరు. దిగుడు మొదలైంది.

అద్దంలో వెలుగు.

వెనక కారు లైట్లు రెండుసార్లు వెలిగి ఆరేయి.

బ్యాటరీ లేదు. తన కళ్ళతో చూసేడు. బ్యాటరీ లేదు...

వెనక బండి లైటు రెండుసార్లు కొడితే నెమ్మది. ఒక్కసారి కొడితే ఆగు. అది తనూ ఆంజీ కల్పించుకున్న భాష. మూడో మనిషికి తెలీదు.

లైట్లు ఒక్కసారి వెలిగేయి. ఈసారి ఆరలేదు.

రాజాబాబు బ్రేకు మీద నిలబడ్డంత పని చేసేడు. టైర్లు తడి తారుని కరిచి పట్టుకున్నాయి. జానెడు కూడా జారలేదు. ఇంత తేలిగ్గా ఆగొచ్చన్నమాట. అతనికి ఏడుపొచ్చింది.

దిగుడులో వెనక బండి వచ్చి జీపుని గుద్దాలి. గుద్దలేదు. తాడు ఇంకా బిగుతుగానే ఉంది. జీపు దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ వెలుగులోకి నడిచేడు.  పిట్టగోడ పక్కన, సరిగ్గా ఆంజి పోయిన చోటే, ఆగేరు.

హేమశ్రీ సీటులో మోకాళ్ళు రెండూ గుండెలకి ముడుచుకుని కూర్చుంది.

“హేమా... బ్రేకు మీంచి కాలు తియ్యకు.”

“దాని మీద నా కాలు లేదు.” హేమశ్రీ మోకాళ్ళని ఇంకా దగ్గరికి లాక్కుంది. “నేను పెడదామనే చూసేను రాజా... అప్పటికే అక్కడ ఎవరిదో కాలుంది. తడిగా ఉంది... నాకు చోటు లేదు.”

తలుపు లాగి ఆమెని బైటకి దించేడు. చేతి బ్రేకు వేసి లేదు, కిందికే ఉంది. కారు కదల్లేదు. వంగి లోపలికి చూసేడు. బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయి ఉంది. దాని మీద ఏమీ లేదు.

చూస్తుండగానే అది ఇంకాస్త కిందికి నొక్కుకుంది.

ఇద్దరి మొహాల మీదా తెల్లటి వెలుగు. ముసురు ఆ వెలుగులో దుమ్ములా తిరుగుతోంది. హేమశ్రీ వంగి ఆ పెడలు వంకే చూసింది. తర్వాత, నిద్రలో మాట్లాడినట్టు మెల్లగా అడిగింది.

“తాగున్నాడన్నావు. బ్రేకు తొక్కలేదన్నావు. అమ్మతో కూడా అదే చెప్పేవు కదా?”

లైట్లు ఆరి, ఒక్కసారి వెలిగేయి.

“తాగలేదు,” అన్నాడు రాజాబాబు. ఆ ఒక్క మాట వచ్చేక మిగతావి ఆగలేదు. “ఆంజి చుక్క కూడా ముట్టలేదు హేమా. లైటు కొట్టేడు, బ్రేకూ తొక్కేడు... ఇలాగే, నేలకంటా. ఆగంది నేను. ఆ టైర్లు వద్దని ఆడు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పేడు. ఆ హోరు వింటే నువ్వు గుమ్మంలోకొచ్చి చూస్తావని కొన్నాను.”